అఖిల మూడుసార్లు దూకింది

మూత, 9వ రోజు

రెండో ఫ్యాను బాగుంది. నాలుగో ఫ్యాను బేరింగు మూలుగుతోంది, గ్రీజు పెట్టాను. దుమ్ము గుడ్డలు పదహారు మార్చాను. పైన నేల మీద వేడి యాభై మూడు డిగ్రీలు, కింద మా వీధుల్లో ముప్ఫై ఒకటి. ఎండాకాలానికని గని నోటికి వేసిన మూతలు తీయడానికి ఇంకా తొంభై ఆరు రోజులున్నాయి.

ఈ పుస్తకం ఇచ్చింది ఫ్యాన్ల సంగతి రాయడానికే. అది రెండు పంక్తుల్లో అయిపోతుంది. మిగిలిన కాగితం తెల్లగా కనిపిస్తే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ఈ మధ్యాహ్నం ‘దెబ్బా దెయ్యం’ రెండువందల పదకొండో భాగం చేశాం, నేనూ మొయిన్ చాచా. కుంగ్‌ఫూ, కర్రసాము, శవాలు, మంత్రగత్తెలు. ఆడిన రోజుల్లో హాల్లో పదిమంది లేకపోయినా, చూసిన ఆ పదిమందీ చచ్చేదాకా మరచిపోలేని సినిమాలుంటాయి కదా, మా పాడ్‌కాస్టు వాటి గురించే. మా ఏడో గని నుంచి మొదలై తీగ వెంట తొమ్మిది గనుల్లోనూ వినిపిస్తుంది. మూత వేసిన కాలంలో అన్నం తిన్నాక ఎవరికీ వేరే పని ఉండదు కాబట్టి వింటారు.

చాచాకు డెబ్బై ఏళ్లు. నలభై ఏళ్లు కింది పంపుల దగ్గర పనిచేశారు. కంటి శుక్లాల వల్ల ఆరేళ్లుగా సినిమా కళ్లద్దాలు పెట్టుకోవడం లేదు, ఏం చెప్పినా జ్ఞాపకం నుంచే చెబుతారు. నేను రికార్డింగు రోజు పొద్దున్నే, పాత సినిమాలన్నీ దాచిపెట్టే నిల్వ నుంచి సినిమా తెప్పించుకుని చూసి వస్తాను. ఆయన చెబుతుంటే చెవులతో చూస్తున్నట్టుంటుంది.

ఈ రోజు సినిమా ‘తొమ్మిది పిడికిళ్ల దెయ్యం’. చచ్చిపోయిన కుంగ్‌ఫూ గురువు దెయ్యమై, బియ్యం మిల్లులో పనిచేసే ఒక అమ్మాయిని పూనుతాడు. ఆఖర్న మిల్లు తగలబడుతుంటే ఆ అమ్మాయి మూడో అంతస్తు నుంచి రేకుల కప్పు మీదికి దూకి, ఆరుగురిని కొడుతుంది.

“దూకంగనే ఎడమ కాలు మడత పడుతది,” అన్నారు చాచా. “లేస్తది. ఆ కాలు ఈడ్చుకుంట ఈడ్చుకుంట కొడ్తది. అరె, అప్పుడు నాకు చెమట పట్టింది బిడ్డా. మనిషైతే ఆగుతది. అది ఆగలే. దెయ్యం అంటే అప్పుడు నమ్మిన.”

“కాలు మడత పడదు చాచా,” అన్నాను. “పొద్దున్నే చూసిన గదా. ఈక లెక్క దిగుతది. కుంటుడు గింటుడు ఏం లేదు.”

“ఉంది.”

“లేదు చాచా. మీరు ఇంకో సినిమాతోని కలిపేసుకున్నరు.”

నవ్వుతూనే అన్నాను. వినేవాళ్లకు సరదాగా ఉంటుందని, “వయసు మీద పడ్డది, పోనీండ్రి” అని కూడా చేర్చాను. చాచా మెల్లగా, “ఉండొచ్చు. నాదే తప్పయి ఉండొచ్చు,” అని చెవుల మీది పెట్టెలు తీసి బల్ల మీద పెట్టారు. చివరి పావుగంట నేనొక్కదాన్నే మాట్లాడాను.

మూత, 11వ రోజు

ఫ్యాన్లు నాలుగూ బాగున్నాయి.

వినేవాళ్లు పంపిన మాటలు నూట ముప్ఫై దాకా వచ్చాయి. సగానికి పైగా చాచా మీద జోకులే. మూడో గని నుంచి ఒకతను, “చాచా గారికి ఈసారి కుంటి దెయ్యం పెళ్లికూతుర్ని వెతుకుదాం” అని పాట కట్టి పంపాడు. రెండుసార్లు విన్నాను, నవ్వు రాలేదు.

భోజనాల వరసలో నా ముందున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు నిన్న చూసిన సినిమాల గురించి చెప్పుకుంటున్నారు. పెద్దామె సినిమాలో సముద్రం ఉందట, చిన్నామె దాంట్లో గుర్రాలట. కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరి మనసుకు తగిన కథ వాళ్లకు అప్పటికప్పుడు అల్లి చూపిస్తుంది యంత్రం. నాలుగు మాటలయ్యాక ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. పప్పు గురించి మాట్లాడుకున్నారు.

చాచా భోజనానికి రాలేదు.

మూత, 14వ రోజు

నాలుగో ఫ్యాను బేరింగు మళ్లీ మొదలైంది. విప్పి చూడాలి.

రికార్డింగు వేళకు చాచా రాలేదు. వాళ్ల గదికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. గోడ నిండా సుద్దతో రాసి ఉంది: పంపుల నంబర్లు, ఏ పంపు ఏ ఏడాది బిగించారు, ఏ పంపు మీద ఏ మనిషి పనిచేశాడు. చాచా గోడకు వీపు పెట్టి నిలబడి, కళ్లు మూసుకుని, అవన్నీ పైకి ఒప్పజెబుతున్నారు. పన్నెండో పంపు దగ్గర తడబడ్డారు. వెనక్కి తిరిగి గోడ చూసుకున్నారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

నన్ను చూశాక ఆపి, మంచం చూపించారు కూర్చోమని.

“మా అన్న యాదున్నడా నీకు?” అని అడిగారు. “ఫయాజ్ భాయ్. ముందుగాల ఇట్లనే అయింది. ఒక పాట చరణం తప్పు పాడిండు. మేమందరం నవ్వినం. మల్ల ఏడాదికి నా పేరు మరిచిపోయిండు. ఆఖరికి అన్నం ఎట్ల నమలాల్నో మరిచిపోయిండు.”

“చాచా, నేను ఊకె అన్న.”

“నువ్వు ఊకె అనలే. నువ్వు చూసి చెప్పినవ్. నాకు ఆ కాలు గిట్ల కనబడుతున్నది బిడ్డా,” అని అరచెయ్యి చాపి చూపించారు. “గంత సాఫ్‌గ కనబడేది లేకపోతే, మిగిలినయి ఉన్నయని ఏం నమ్మకం? నా భార్య మొఖం నాకు యాదికున్నదే అసలుదా?”

ఆయన ఇక పాడ్‌కాస్టు చేయనన్నారు. నేను గ్రీజు చేతులతోనే ఇంటికి వచ్చి, తలుపు వేసుకుని ఏడ్చాను. మా నాన్న పోయాక నాకు ఈ గనిలో తండ్రిలాంటి మనిషి ఆయనొక్కరే.

మూత, 17వ రోజు

ఈ రోజు సంగతి వరసగా రాస్తాను.

పొద్దున బేరింగు విప్పుతుంటే ఐదో గని నుంచి తీగ మీద పిలుపు వచ్చింది. పెద్దావిడ గొంతు.

“దెబ్బా దెయ్యం ఎస్తేరువేనా బిడ్డా?”

“అవునమ్మా.”

“నా పేరు మోక్షిత. ఐదో గనిల కుట్టుపని చేస్త. ఆ ముసలాయన చెప్పింది తప్పు కాదు. అది చెప్పుదామనే పిలిచిన. వారం సంది చెప్పాల్నా వద్దా అని కొట్టుకుంటున్న.”

“ఏది తప్పు కాదమ్మా?”

“కాలు. రేకుల మీద మడత పడ్డ కాలు మా అమ్మది.”

నా చేతిలోని స్పానరు పక్కన పెట్టాను.

ఆవిడ తల్లి పేరు అఖిల. హీరోయిన్‌కు బదులు దూకే మనిషి. జుట్టు మొఖం మీద వేసుకుని దూకేది కాబట్టి ఎవరూ ఆమెను గుర్తుపట్టలేదు, సినిమాలో పేరు కూడా వేయలేదు. ఆ రోజు మోకాలు కింద ఎముక రెండు చోట్ల విరిగింది. తర్వాత ముప్ఫై రెండేళ్లు బతికింది, ముప్ఫై రెండేళ్లూ కుంటింది. మళ్లీ ఎప్పుడూ దూకలేదు.

“నువ్వు ఆ రోజు కుంటుడు లేదు గింటుడు లేదు అన్నప్పుడు,” అని ఆగింది. “ఏమనుకోకు బిడ్డా. మా అమ్మ పుట్టనే లేదన్నట్టు అనిపించింది.”

క్షమించమని అడిగాను. ఆవిడ “నీకేం తెలుసు” అంది. ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

మూత, 18వ రోజు

నిల్వకు రాసి అడిగాను. ‘తొమ్మిది పిడికిళ్ల దెయ్యం’లో రేకుల మీద దృశ్యం ముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది అని. గంటలో జవాబు వచ్చింది. యంత్రమే రాసి ఉంటుంది, చాలా మర్యాదగా ఉంది.

“గత సంవత్సరం నుండి, ప్రేక్షకులు కోరిన ప్రతి పాత చిత్రమును మెరుగుపరచి అందించుచున్నాము. నిజమైన గాయములు, తడబాటులు, వెలుతురు లోపములు సరిచేయబడును. మెరుగుపరచిన చిత్రము పాత చిత్రము స్థానమును తీసుకొనును; పాతది ఉంచబడదు. ఎవరూ కోరని చిత్రములు యథాతథముగా ఉండును. మీ ఆసక్తికి ధన్యవాదములు.”

నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి ‘కోరిన’ అన్న మాట దగ్గర ఆగిపోయాను.

ఆ పాత సినిమాలను ఎవరు కోరతారు? మా పాడ్‌కాస్టు విన్నవాళ్లే. మేం ఒక సినిమా గురించి రెండు గంటలు ప్రాణం పెట్టి మాట్లాడతాం, ఆ సాయంత్రం మూడు వందల మంది దాన్ని తెప్పించుకుంటారు. అందరికంటే ముందు, పొద్దున్నే, నేనే తెప్పించుకుంటాను.

మేం చెప్పిన రెండువందల పదకొండు సినిమాల జాబితా పంపమన్నాను. రెండువందల మూడు మెరుగుపడ్డాయి.

మా పాత భాగాలు తీసి విన్నాను. గడిచిన ఏడాదిలో నేను చాచాను ఏడుసార్లు సరిదిద్దాను. “కత్తి తగల్లేదు చాచా.” “ఆ పిల్ల ఏడవదు చాచా.” “ఆ శవం కన్ను కొట్టదు చాచా, మీరు భలే కల్పిస్తరు.” ప్రతిసారీ ఆయన కాస్త ఆగి, సరే అన్నారు.

మూత, 19వ రోజు

ఫ్యాన్లు చూడటానికి ముందే చాచా గదికి వెళ్లాను. నిల్వ జవాబు చదివి వినిపించాను. మోక్షితమ్మ చెప్పింది చెప్పాను. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, “ఏడుసార్లు మిమ్మల్ని అబద్ధాలకోరును చేసిన చాచా” అన్నాను.

సంతోషిస్తారనుకున్నాను. ముందు కళ్లు తుడుచుకున్నారు. సుద్దరాతల వైపు చూసి, ఊపిరి వదిలారు. తర్వాత ఆయన అడిగింది వేరే.

“ఎన్ని పోయినయి?”

“రెండువందల మూడు.”

“ఎముకల వంతెన?”

“పోయింది.”

“వాన మంత్రగత్తె?”

“అది కూడా.”

ఒక్కొక్క పేరే అడిగారు. చచ్చిపోయినవాళ్ల పేర్లు అడుగుతున్నట్టుంది. నేను ఒక్కొక్కదానికీ పోయింది అంటూ వచ్చాను. ముప్ఫయ్యో పేరు దగ్గర ఆపేశారు.

“మనమే చంపినం,” అన్నారు. “మనకే అందరికంటే ఎక్కువ ఇష్టముండె, మనమే చంపినం.”

పాడ్‌కాస్టు ఆపేద్దామని ఇద్దరం అనుకున్నాం. వాదించుకోలేదు కూడా. యంత్రాల లోపం వల్ల కొంతకాలం రాదని తీగ మీద చెప్పించాను. అదొక అబద్ధం.

మూత, 26వ రోజు

పైన యాభై ఐదు. నాలుగో ఫ్యానుకు కొత్త బేరింగు వేశాను. గొంతు మారింది.

మోక్షితమ్మ మళ్లీ పిలిచింది. పాడ్‌కాస్టు ఎందుకు రావడం లేదని అడిగింది. ఆవిడకు అబద్ధం చెప్పలేక జరిగింది చెప్పాను. విని, ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది.

“మా అమ్మ పాత ఫోనొకటి ఉన్నది. షూటింగుల తోటి మనిషెవరో తీసి ఇచ్చిన వీడియో దాంట్ల ఉన్నదని చెప్పేది. నేను ఎన్నడు చూడలే.”

“ఎందుకమ్మా?”

“ఎట్ల చూస్త? రెండుసార్లు బాగనే దూకిందట, మూడోసారి బలవంతంగ దూకిపిచ్చిన్రని మా మేనత్త చెప్పింది. అమ్మను అడుగుదామంటె నోరు రాలే. ఆళ్ల గొంతులు వినుడు నాకెందుకు? ట్రంకుపెట్టెల పెట్టి తాళమేసిన. ముప్ఫై ఏండ్లాయె. ఇప్పుడు సినిమాల లేకపాయె. ఇగ ఫోన్ల ఒక్కదాంట్లనే ఉన్నది అమ్మ.”

ఫోను నడిపించడం నాకు కష్టం కాదు. కరెంటు కొలిచి ఇస్తే మేలుకుంటుంది. కష్టం వేరే చోట ఉంది. మా వీధుల్లో గోడ గోడకూ పెట్టెలున్నాయి. ఏ పరికరం మేలుకున్నా అవి పసిగట్టి కలిపేసుకుంటాయి, అందులోని బొమ్మలన్నీ నిల్వకు పోతాయి. నిల్వ నుంచి తిరిగివచ్చేది మెరుగుపడినదే. అఖిల ఆ ఫోనులోనూ ఈకలా దిగుతుంది.

చాచాకు చెప్పాను. ఆయన వెంటనే లేచి నిలబడ్డారు. పదిహేడు రోజుల్లో ఆయన అలా లేవడం ఇదే మొదటిసారి.

“ఆరో అంతస్తు పాత పంపుహౌస్,” అన్నారు. “ఐదో గనికీ మనకూ నడుమ. నీళ్లు నిండినప్పుడు వదిలేసిన్రు, ఇప్పుడు ఆరిపోయింది. ఆడ గోడకు పెట్టెలేసేటందుకు ఎవడు దిగలే. దారి నాకు తెలుసు.”

“మోకాళ్లు సహకరిస్తయా చాచా?”

“పన్నెండో పంపు అక్కడనే ఉన్నది బిడ్డా. నేను బిగించిన పంపు. మోకాళ్లు దాని మాట వింటయి.”

మూత, 31వ రోజు

ఫ్యాన్లు పొద్దున్నే చూసేశాను. గాలి గొట్టాల తనిఖీ అని చెప్పి ఆరో అంతస్తుకు అనుమతి రాయించుకున్నాను. గొట్టాలు కూడా చూశాను, రెండు చోట్ల చిల్లులున్నాయి, బిగించాను.

చాచా ముందు నడిచారు. దీపం నాది, దారి ఆయనది. ఎక్కడ మెట్టు విరిగిందో, ఎక్కడ తల వంచాలో దీపం వెలుతురు పడకముందే చెప్పారు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు.

మోక్షితమ్మ మాకంటే ముందే ట్రాలీ మీద వచ్చి కూర్చుని ఉంది. సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి. ఒళ్లో ఎర్రగుడ్డ మూట.

చాచా ఆవిడ ముందు నిలబడి సలాం చేశారు. “అమ్మా, నేను మీ అమ్మగారి కాలు గురించి చెప్పినోణ్ణి.”

“తెలుసు,” అంది ఆవిడ. “గొంతు గుర్తుపట్టిన. కూసోండ్రి, నీళ్లు తాగుండ్రి.”

ఫోను అద్దం మీద సన్నటి పగులుంది. నా దగ్గరున్న బ్యాటరీకి రెండు తీగలు కలిపి, కరెంటు తగ్గించి ఇచ్చాను. ఐదు నిమిషాలు ఏమీ లేదు. తీగ మార్చి గీకి పెట్టాను. తెర మీద సన్నటి వెలుతురు వచ్చింది. కలుపుకోవడానికి చుట్టూ వెతికింది, ఏమీ దొరకలేదని రాసింది.

వీడియో తొమ్మిది నిమిషాలు. ఒకటే వీడియో.

మిల్లు. పొగ. పైన కిటికీలో జుట్టు విరబోసుకున్న ఒక మనిషి. కింద ఎవరో కేక వేశారు. ఆమె దూకింది. రేకుల మీద రెండు కాళ్లతో దిగి నిలబడింది. అందరూ చప్పట్లు కొట్టారు. కెమెరా వణికిందట, ఇంకోసారి అన్నారు. రెండోసారి దూకింది. ఈసారి రేకు జారింది, చేతులు ముందుకు పెట్టి ఆపుకుంది. లేచింది. ఏమీ కాలేదు.

అప్పుడు దర్శకుడి గొంతు, మనిషి కనిపించడు: “చాలమ్మా అఖిలా. రెండోది బాగుంది. ఇంక వద్దు.”

రేకుల మీద మనిషి జుట్టు పక్కకు తోసుకుంది. మొఖం కనిపించింది. మోక్షితమ్మ ముక్కే, ఆ కళ్లే. ఇరవై ఐదేళ్లుంటాయి.

“వద్దు సార్. ఇంకోసారి దూకుత.”

“ఎందుకమ్మా? వచ్చింది కదా?”

“రాలే సార్. భయపడి ముందుగాల చేతులు పెట్టిన. దెయ్యం చేతులు పెడ్తదా?”

అక్కడున్నవాళ్లు నవ్వారు. దర్శకుడు వద్దంటూనే ఉన్నాడు, ఆమె అప్పటికే నిచ్చెన ఎక్కుతోంది.

మూడోసారి దూకినప్పుడు చేతులు పక్కనే ఉంచింది. రేకు మోగింది. ఎడమ కాలు లోపలికి మడత పడింది. చాచా నోటి నుంచి చిన్న శబ్దం వచ్చింది. ఆమె లేచింది. ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు మీదికి వచ్చారు, కాలు ఈడ్చుకుంటూ ఆరుగురినీ కొట్టింది. కట్ అన్నాక రేకుల మీద కూలబడింది. తీస్తున్న మనిషి పరుగెత్తుకుంటూ వెళ్లాడు, బొమ్మంతా ఊగింది.

“అక్కా, కాలు! కాలు చూడు!”

“కాలు సంగతి ఎనుక. వచ్చిందా?”

“అక్కా—”

“వచ్చిందా లేదా చెప్పుమంటె!”

“వచ్చిందక్కా.”

ఆమె వెనక్కి పడుకుంది. జుట్టుతో మొఖం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. అక్కడితో ఆగిపోయింది.

పంపుహౌస్‌లో నీళ్ల బొట్లు పడుతున్న చప్పుడు. మోక్షితమ్మ తెర వైపే చూస్తోంది.

“మొండిది,” అంది.

కొంగుతో ఫోను అద్దం తుడిచింది.

“అప్పటికి నాకు తొమ్మిది నెలలు. ఇంట్ల నన్ను మేనత్త దగ్గర పడుకోబెట్టి పోయింది. నిచ్చెనెక్కేటప్పుడు నేను యాదికి రాలేదా?” అని ఎవరినో అడిగినట్టు అడిగింది. “ఇన్నేండ్లు ఆ సినిమావోళ్లను తిట్టుకుంట బతికిన. ఎవలు బలవంతం జేయలే. తనే ఎక్కింది.”

“కోపముందా అమ్మా?” అన్నాను.

“ఉండదా?” అంది. “ఊహ తెలిసినప్పటి సంది రాత్రయితే ఆ కాలుకు నూనె రాసింది నేను.” తర్వాత ఫోను నా వైపు తిప్పింది. “ఇంకోసారి పెట్టు.”

మూడుసార్లు పెట్టాను. మొదటిసారి ఏడ్చింది. రెండోసారి చూస్తూ కూర్చుంది. మూడోసారి, దెయ్యం చేతులు పెడ్తదా అన్న మాట దగ్గర, నవ్వేసింది. “అచ్చం గిట్లనే కొట్లాడేది, కూర గురించైనా,” అంది.

చాచా మూడోసారి తెరకు బాగా దగ్గరగా వంగి చూశారు. ఉన్నట్టుండి మోకాలి మీద కొట్టుకున్నారు.

“ఆరో మనిషిని కొట్టేటందుకు ముందు గోడకు చెయ్యి ఆనిచ్చింది! అది నాకు యాదికి లేకుండె! చూసినవా ఎస్తేరూ, నేను మరిచిపోయిన!”

మరిచిపోయినందుకు అంత సంతోషించిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

మూత, 40వ రోజు

పైన యాభై ఆరు. ఈ ఏడాదికి ఇదే ఎక్కువ. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి.

రెండువందల పన్నెండో భాగం చేశాం. ఆలోచన చాచాది: సినిమా పేరు చెప్పొద్దు. తారల పేర్లు చెప్పొద్దు. పేరు తెలియకపోతే ఎవరూ కోరలేరు, కోరకపోతే ఎవరూ మెరుగు పెట్టలేరు. మేం తాకని సినిమాలు నిల్వలో ఇంకా నాలుగు వేల పైచిలుకు ఉన్నాయి. నేను కూడా ఇక చూసి రాను. చాచా చెబుతారు, నేను వింటాను, మిగతావాళ్లలో యాదికున్నవాళ్లు చెబుతారు.

మొదట నేను మాట్లాడాను. యంత్రాల లోపం అబద్ధమని చెప్పాను. రెండువందల మూడు సినిమాల సంగతి చెప్పాను. తీగ మీద అందరూ వినేలా నవ్వాను కాబట్టి అందరూ వినేలానే చాచాను క్షమించమని అడిగాను. ఆయన గొంతు సవరించుకుని, “సరే సరే, ముందు కథకు పోదాం,” అన్నారు.

తర్వాత మోక్షితమ్మ తీగ మీద ఐదో గని నుంచి మాట్లాడింది. తల్లి దూకిన మూడు దూకుళ్లు చెప్పింది. తడుముకుంటూ, ఆగుతూ చెప్పింది. వీడియోలో లేనిది కూడా చెప్పింది: ఆఖరి ఏళ్లలో అఖిల కుంటుతూ పొయ్యి దగ్గరికి వెళ్లేటప్పుడు గోడకు చెయ్యి ఆనించేదట, ఆరో మనిషిని కొట్టేముందు ఆనించినట్టే.

మూడో గనిలో పాట కట్టినతను రాత్రికి ముందే ఉత్తరం పంపాడు. చాచాకు ఇచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివి జేబులో వేసుకున్నారు, ఏముందో నాకు చెప్పలేదు.

మూత, 47వ రోజు

మూడో ఫ్యాను బెల్టు తెగింది. గంటన్నర ఆపాల్సి వచ్చింది. పదో వీధిలో పిల్లలను చల్లటి గదికి మార్చాం. ఇప్పుడు తిరుగుతోంది.

నిల్వ నుంచి ఉత్తరం వచ్చింది. నాకు, మోక్షితమ్మకు. “అరుదైన దృశ్యము మీ వద్ద ఉన్నట్లు తెలియవచ్చినది. భద్రపరచుటకు మాకు అందజేయగలరు. ఉచితముగా మెరుగుపరచి ఇవ్వబడును.”

మోక్షితమ్మకు చదివి వినిపించాను. నిర్ణయం ఆవిడది. పాత ఫోను ఎప్పుడైనా ఆగిపోవచ్చని, నిల్వకు ఇస్తే కనీసం అఖిల మొఖమైనా మిగులుతుందని కూడా చెప్పాను. చెప్పకపోవడం తప్పవుతుంది.

“మొఖం మిగిలి కాలు పోతె అది మా అమ్మ కాదు,” అంది. “ఫోను నడిచినన్ని రోజులు నడుస్తది. అందాక ఎవలకైనా చూడాలనుంటె వచ్చి చూడమను. నడిచి రావాలె, కూసోవాలె, చూడాలె.”

వద్దని జవాబు రాశాను. మర్యాదగానే రాశాను.

మూత, 63వ రోజు

ఫ్యాన్ల సంగతి రేపు రాస్తాను.

ఈ పొద్దున పంపుహౌస్‌కు ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు, నాలుగు గనుల నుంచి. పోయిన వారమంతా నేనూ చాచా మెట్లు బాగుచేశాం. ఫ్యాన్ల గదిలో పనికిరాదని పడేసిన పెద్ద తెరను దించి, ఏ తీగకూ కలపకుండా, ఫోనుకు మాత్రమే తగిలించాను.

వచ్చినవాళ్లకు ఎలా కూర్చోవాలో తెలియలేదు. ఒకరికొకరు దూరంగా, తలా ఒక దిక్కుకు తిరిగి కూర్చున్నారు, ఇంట్లో కళ్లద్దాలు పెట్టుకుని కూర్చునేటట్టు. కొందరు అద్దాలెక్కడిస్తారని అడిగారు. చాచా చేతి కర్ర ఊపుతూ అందరినీ దగ్గరికి జరిపారు.

“అందరం ఒకటే దిక్కుకా?” అని ఒకతను అడిగాడు.

“ఒకటే దిక్కుకు. జరుగుండ్రి, ఇంకా జరుగుండ్రి. ఎనుకోళ్లకు కనబడాలె.”

మోక్షితమ్మ ముందు వరసలో కూర్చోలేదు. తెర పక్కన, జనం మొఖాలు కనిపించే చోట పీట వేయించుకుంది. వీడియో తనకు కంఠతా వచ్చిందట.

మొదటి దూకుడు. ఎవరూ కదల్లేదు. రెండో దూకుడుకు ఎవరో “అయ్యో” అన్నారు, అని సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అఖిల నిచ్చెన ఎక్కుతుంటే, “వద్దు, ఎక్కకు,” అని ఒక ముసలాయన గట్టిగానే చెప్పాడు. ఆమె కిటికీలో నిలబడింది. ముప్ఫై ఎనిమిది మంది ఊపిరి ఒకేసారి ఆగడం నాకు వినిపించింది.

రేకు మోగింది. అందరూ ఒక్క గొంతుతో అరిచారు. పంపుహౌస్ గోడలు ఆ అరుపును తిప్పి మా మీదికే కొట్టాయి. నా నలభై ఒక్క ఏళ్లలో నేనెప్పుడూ అలాంటి చప్పుడు వినలేదు. మోక్షితమ్మ వైపు చూశాను. ఆవిడ ఆ మొఖాలను ఒక్కొక్కటే, తొందర లేకుండా చూస్తోంది.

నా పక్కన కూర్చున్న ఒకావిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఏ గని మనిషో, పేరేమిటో తెలియదు. తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది.

“చూసినవా?”

“చూసిన,” అన్నాను.